ఇతర ఖర్చులు

పర్లాకిమిడిలో మా ఆఫీసంటే
కొమ్ము దువ్వెనల కొట్టు మీద ఒక గది.
కింద నుంచి రోజంతా కొమ్ము అరగదీసిన వాసన,
పైన నేను, కంప్యూటరు,
ముప్పై ఒక్క మంది వ్యాపారుల లెక్కలున్న బీరువా.
బోర్డు ఒడియాలో, రిటర్నులు ఇంగ్లీషులో,
ఫీజు అడిగితే వచ్చే కోపం మాత్రం తెలుగులో.

బుధవారం పొద్దున్నే దండాసి సాహుకారు వచ్చాడు.
కాశీనగరం రోడ్డులో జీడిపిక్కల మిల్లు ఆయనది.
చేతిలో పదకొండు పేజీల ఫారం.
"పప్పు కొనే కంపెనీ పంపింది బాబూ,
నింపకపోతే మార్చి తర్వాత లోడు తీసుకోరంట.
ఇదేం పన్ను? ఎంత శాతం?"

పన్ను కాదన్నాను.
"మరి జరిమానా?"
అదీ కాదు. సుస్థిరత నివేదిక.
ఆ మాట అంటుంటే
పచ్చి జీడిపిక్క కొరికినట్టు నా పెదవే చురుక్కుమంది.

నిజం చెప్పాలంటే నాకూ నమ్మకం లేదు.
రూపాయి కానిదాన్ని నేను రాయను.
డెబిట్ ఉన్నచోట క్రెడిట్ ఉండాలి,
పొగకి క్రెడిట్ ఎవరిస్తారు?
దీని మీద బరంపురంలో క్లాసు పెడితే
టీ తర్వాత సగం కుర్చీలు ఖాళీ.
మిగిలిన సగంలో ఒకదానిలో నేను, కునుకుతూ.

అయినా పాత పరిచయం, పైగా రెండేళ్ళ ఫీజు బాకీ.
చదివాను.
నీళ్ళు ఎన్ని లీటర్లు? బోరుకి మీటరు లేదు.
పొగ ఎన్ని టన్నులు? పొగని తూచే కాటా మా వైపు దొరకదు.
పనివాళ్ళకి గాయాలు?
"సున్నా రాసెయ్యి," అన్నాడు సాహుకారు,
"అన్నిటికీ సున్నా. సున్నా అయితే శుభ్రంగా ఉంటాది."

సున్నాకైనా ఆధారం కావాలి కదా.
ఓచర్ల కట్ట విప్పాను.
ఏ పద్దుకీ చెందవని
నా చేత్తో నేనే "ఇతర ఖర్చులు" కిందకి తోసినవి.

కొబ్బరినూనె, పదిహేను కేజీల డబ్బాలు, నెలకి రెండు.
వంటకనుకున్నాను ఇన్నాళ్ళూ.
"వంటకేటి బాబూ, పిక్క కొట్టే ఆడోళ్ళ చేతులకి.
జీడిరసం తగిలితే తోలు లెగిసిపోద్ది."
పక్క బడికి కిటికీ తెరలు, రెండుసార్లు.
"గాలి అటు తిరిగే రోజులు కొన్నుంటాయి."
నీళ్ళ ట్యాంకర్లు, ముందటేడు వేసవిలో నాలుగు,
మొన్నటి వేసవిలో పంతొమ్మిది.
మహేంద్రతనయ ఎంత సన్నబడిందో
ఏ పేపర్లోనూ చదవలేదు,
నా పద్దులోనే ఉంది, నేనే చూడలేదు.

సొంబారి గొమాంగో, ఆసుపత్రికి ఆటో, నూట ఎనభై.
ముందూ వెనకా ఇంకేం లేదు.
ఓచరు మీద వేలిముద్ర.
అందులో గీతలు లేవు.

సిరా ఎక్కువైందేమోనని లైటు కింద పెట్టి చూశాను.
ఇంకో ఓచరు. ఇంకోటి.
అన్నీ ఉత్త నల్లటి మచ్చలు, నున్నగా,
పూడ్చేసిన సున్నాల్లాగ.

సాహుకారు తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.
"రేషను మిషను కూడా ఆళ్ళని గుర్తుపట్టదు,"
అన్నాడు, బీరువా వైపు చూస్తూ.
కాసేపాగి, "ఇదంతా రాస్తే మన పప్పు కొంటారంటావా?"
తెలీదన్నాను.
"రాయకపోతే?"
అదీ తెలీదన్నాను.
కింద కొమ్ము మీద రంపం ఆడుతూనే ఉంది.

నీళ్ళ దగ్గర ట్యాంకర్లు గుణించి వేశాను,
పక్కన "అంచనా" అని.
పొగ దగ్గర తెరల సంగతి రాశాను,
గడి చాలక మార్జిన్లోకి.
గాయాల దగ్గర పెన్ను ఇంకా ఎత్తే ఉంది.
ఇరవై రెండు మంది.
మనుషుల్ని లెక్కపెట్టాలా, వేళ్ళనా?

సాహుకారు మెట్ల దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.
"దీనికి నీ ఫీజు ఏ పద్దులో రాయమంటావు?"
నిన్నటి దాకా ఆ ప్రశ్నకి నా దగ్గర
తల ఎత్తకుండా చెప్పే జవాబొకటి ఉండేది.